కాపలా లేని కొండ కిందికి పడవలా?

సియాటిల్, బెల్వ్యూ, రెడ్మండ్ తెలుగు కుటుంబాలకు:

2025 ఆగస్టు 10, ఆదివారం. తెల్లవారి ఐదున్నర కావస్తోంది. అలాస్కాలో, జూనోకి దక్షిణాన ఉన్న ట్రేసీ ఆర్మ్ ఫియర్డ్‌లో, అంటే నిలువు కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయలో, సౌత్ సాయర్ గ్లేసియర్ పక్క కొండ విరిగి నీళ్లలో పడింది. లేచిన నీరు ఎదుటి గట్టు మీద 450 మీటర్లకు పైగా ఎగబాకి, చెట్టూ చేమా ఊడ్చేసి ఉత్త రాయి మిగిల్చింది. అక్కడెక్కడో ఫియర్డ్ మొగలో, హార్బర్ ఐలాండ్ మీద గుడారాలు వేసుకున్న కయాక్ యాత్రికుల సామాను కూడా కొట్టుకుపోయింది.

ఎవరూ చావలేదు. ఎందుకు చావలేదో తెలుసుగా? ఆ వేళకి ఓడలింకా లోపలికి రాలేదు. అంతే. ఎవరి జాగ్రత్తా లేదు, ఎవరి ముందుచూపూ లేదు.

కొండ కూలడం నాలుగు గంటలు ఆలస్యమై ఉంటే అక్కడ మనవాళ్లూ ఉండేవాళ్లేమో. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగగానే అలాస్కా టికెట్లు తీయడం మనకి ఆచారమైపోయింది కదా. పెద్ద ఓడ మొహం మొత్తినవాళ్లు ఇప్పుడు చిన్న ఓడలకి మళ్లుతున్నారు. తలకి వేల డాలర్లు. ఆ కంపెనీలు అమ్మేది ఒకటే మాట: పెద్ద ఓడ పోలేని చోటికి మేం తీసుకెళతాం.

ఎలా తీసుకెళతారో ఎక్కి చూశాను కాబట్టి చెబుతున్నాను. పదిమందిని రబ్బరు పడవ అంచుల మీద కూర్చోబెడతారు. లైఫ్ జాకెట్ బకిల్ రెండుసార్లు లాగి చూస్తారు, అందులో లోటు లేదు. మంచు ముక్కల మధ్యకి పోయి గైడ్ ఇంజన్ ఆపుతాడు. ఐసులో చిక్కిన పాతకాలపు గాలి బుడగలు చిటపటమంటాయి, వినమంటాడు. ఒక ముక్క పైకి లాగి పిల్లల చేతికిస్తాడు. రాత్రికి ఆ ఐసే పెద్దవాళ్ల విస్కీ గ్లాసుల్లో తేలుతుంది. అందరి ఫోన్లూ గ్లేసియర్ ముఖం వైపే. పక్కన నిలువునా లేచిన కొండ గురించి ఎక్కే ముందు గానీ దిగాక గానీ ఒక్క మాట లేదు.

అసలు సంగతి ఆ కొండలోనే ఉంది. దాని పాదాన్ని అన్నాళ్లూ అదిమిపట్టింది గ్లేసియరే. అది కరిగి వెనక్కి జరిగితే కొండకి ఊతం పోతుంది. ట్రేసీ ఆర్మ్‌లో జరిగింది ఇదే. అంటే నిన్నమొన్నటి దాకా మంచు కింద ఉన్న నీళ్లు ఇప్పుడు తెరుచుకున్నాయని మురిపించి మనల్ని ఎక్కడికి తీసుకెళుతున్నారో, ఊతం పోయింది సరిగ్గా అక్కడే. చిన్న ఓడ గొప్పగా చెప్పుకునే దగ్గరతనమే దాని ప్రమాదం. ఇంకొకటి వినండి. ట్రేసీ ఆర్మ్ కొండ కూలే ముందురోజే చిన్నచిన్నగా అదరడం మొదలుపెట్టింది. దూరాన ఉన్న భూకంప పరికరాల్లో ఆ అదుర్లు నమోదయ్యాయి కూడా. అన్నీ అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే కనిపించాయి. చుట్టూ అడవి ఫారెస్ట్ సర్వీసుది, నీళ్ల మీద పెత్తనం కోస్ట్ గార్డుది, లాభం కంపెనీలది. కొండ అదిరితే పడవలకి చెప్పే పని మాత్రం ఎవరిదీ కాదు!

తెలియక జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. 1958లో ఇదే అలాస్కాలో లిటుయా బేలో భూకంపానికి కొండ జారి నీరు 524 మీటర్ల ఎత్తుకి లేచింది, లంగరేసిన పడవల్లో ఒకటి మనుషులతో సహా పోయింది. 2015లో టాన్ ఫియర్డ్‌లో 193 మీటర్లు. 2017లో గ్రీన్లాండ్‌లో కర్రాట్ ఫియర్డ్ అల నలుగురిని మింగింది. 2023లో అక్కడే డిక్సన్ ఫియర్డ్‌లో కొండ కూలితే ఆ నీటి ఊగిసలాటకి భూమి తొమ్మిది రోజులు సన్నగా అదిరింది. అది పర్యాటక ఓడలు తిరిగే దారే. ఇన్ని జరిగాక కూడా ‘ఊహించలేదు’ అనడం బుకాయింపు.

చేతకాని పనా అంటే కాదు. నార్వేలో 1934లో టాఫ్యోర్డ్ అల నలభై మందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు అక్కడ గైరాంగర్ ఫియర్డ్ దారిలో ఉన్న ఓక్నెస్ కొండ పగులుని రాత్రింబవళ్లు కొలుస్తున్నారు. అలాస్కాలో కూడా బారీ ఆర్మ్ కొండ మీద 2020లో హెచ్చరిక వచ్చాక పరికరాలు పెట్టారు. ఆ ఒక్కదానికి పెట్టగలిగినవాళ్లకి, టికెట్ అమ్మి జనాన్ని తోలే మిగతా చోట్ల ఏం అడ్డం?

సాహసమన్నాక ప్రమాదం ఉండదా అంటారు. ఉంటుంది, తెలిసి ఎక్కినవాడిది సాహసం, చెప్పకుండా ఎక్కించింది మోసం. ఊళ్ల ఉపాధి పోతుందంటారు. శవాలు తేలాక ఉపాధి పెరుగుతుందా?

అలారం పెడితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. 300 మీటర్ల లోతు నీళ్లలో అల గంటకి 200 కిలోమీటర్ల వేగం దగ్గర్లో వస్తుంది. పది కిలోమీటర్ల దూరానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో రబ్బరు పడవ ఎక్కడికి పోతుంది? కాబట్టి కొండ అదిరిన రోజున పడవ లోపలికే పోకూడదు. పెద్ద కంపెనీలు కొన్ని 2026కి ట్రేసీ ఆర్మ్ మానేసి పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కి మళ్లాయి. అక్కడా గ్లేసియరే, అక్కడా నిలువు కొండలే. పాము కనిపించిన గదిలోంచి పక్క గదిలోకి మంచం మార్చినట్టుంది.

మన గోదావరి మీద 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి యాభై మంది దాకా పోయాక గానీ కంట్రోల్ రూములు గుర్తు రాలేదు. ఇక్కడ ఆ లెక్క తేలకముందే మేలుకుందాం.

అడగాల్సింది పెద్ద జాబితా కాదు. కొండని కొలిచే పరికరం, ఆ కబురు కెప్టెన్‌కి చేరే ఏర్పాటు లేని ఫియర్డ్‌లో గ్లేసియర్ ముందుకి ఏ పడవా పోకూడదు. మంచు కొత్తగా ఖాళీ చేసిన వాలు కింద రబ్బరు పడవలు, కయాక్‌లు అసలే దించకూడదు. కెప్టెన్ వెనక్కి తిప్పితే ప్రయాణికుడి డబ్బు తిరిగివ్వాలి, అప్పుడే వెనక్కి తిప్పడానికి అతనికి ధైర్యం వస్తుంది. కోస్ట్ గార్డుకీ, మీ కాంగ్రెస్ సభ్యుడికీ ఇదే రాయండి.

టికెట్ తీసే ముందు కంపెనీకి మెయిల్ పెట్టండి: ఏ ఫియర్డ్‌లోకి పోతున్నారు, అక్కడి కొండలని ఎవరు చూస్తున్నారు, కబురు వస్తే ఎంతసేపట్లో మీ కెప్టెన్‌కి అందుతుంది? ఫోన్లో చెప్పే తీపి మాటలు వద్దు, రాతపూర్వకంగా కావాలనండి. జవాబు రాకపోతే అడ్వాన్సు కట్టకండి. కట్టేసినవాళ్లు రద్దు గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రే చూసుకోండి.