ఓట్ల పండుగ, బంగారం ధర

"అక్కడ ఎన్నికలటగా! బంగారం ఇప్పుడే కొననా, ఆగనా?" అని 2024 అక్టోబరులో గుంటూరు నుంచి అక్క ఫోను. మాఘంలో మేనకోడలి పెళ్ళి. కంప్యూటర్లు చదివినవాడికి అన్నీ తెలుస్తాయని మా ఇంట్లో నమ్మకం!

నాకు 2016 గుర్తొచ్చింది. ట్రంప్ గెలుస్తున్నాడని తేలుతున్న రాత్రి భయంతో అందరూ ఎగబడితే ఔన్సు బంగారం 1,330 డాలర్లు దాటింది. ఇక డాలరూ, వడ్డీ రేట్లూ పెరుగుతాయన్న అంచనాతో డిసెంబరు మధ్యకల్లా 1,150 లోపుకి దిగింది. అందుకే "ఆగక్కా" అన్నాను.

2024 నవంబరు 6న నిజంగానే సుమారు 3 శాతం పడింది. మురిసిపోయాను. ఇంకా పడుతుందని ఇద్దరం కాచుకు కూర్చున్నాం. పెళ్ళినాటికి ఎన్నికల ముందటి ధరనూ దాటేసింది! 2025 అక్టోబరులో ఔన్సు 4,000 డాలర్లు.

నేను మరిచింది ఒకటుంది. ఓట్ల లెక్కింపు రాత్రి కదలిక నిలవదు, గెలిచినవాళ్ళు చేసే పని నిలుస్తుంది. పిల్లలూ, 1932లో గెలిచిన రూజ్వెల్ట్ 1933 ఏప్రిల్‌లో ప్రజల దగ్గరి బంగారు నాణేలూ, కడ్డీలూ ఔన్సు 20.67 డాలర్లకు అప్పగించమన్నాడు (నగల జోలికి పోలేదు లెండి). 1934 జనవరిలో ఆ ధరనే 35 చేశాడు.

ఇండియాలోనూ అంతే. 2024 ఎన్నికలయ్యాక జూలై 23 బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6కు తగ్గించారు. ధర చప్పున దిగింది.

ఇదంతా అక్కకు చెప్పాను. "మరి ఆ జూలైలో ఫోను చెయ్యలేదేంరా?" అంది.