కింద పడితే పేలే పిస్టల్

గన్‌మన్ పిస్టల్ చేజారి పేలిందనీ, ఒకరు గాయపడ్డారనో చనిపోయారనో వార్త అప్పుడప్పుడు మన పత్రికల్లో వస్తూనే ఉంటుంది. మిస్‌ఫైర్ అన్న మాటతో ఆ వార్త ముగుస్తుంది. అది ఏ రకం పిస్టల్, చాంబర్‌లో తూటా ఎందుకుంది, కింద పడినా పేలకుండా ఆపే ఏర్పాటు అందులో ఉందా అని అడిగేవారు కనబడరు. ఆ మౌనమే తరువాతి ప్రమాదానికి దారి తీస్తోంది.

ఫైరింగ్ పిన్ అనే సన్నని ఉక్కు కడ్డీ తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను గట్టిగా తాకితే చాలు, పిస్టల్ పేలుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన కోల్ట్ పిస్టల్‌లో ఆ పిన్నును వెనక్కి పట్టి ఉంచేది ఒక స్ప్రింగు మాత్రమే. చాంబర్‌లో తూటా ఉండగా ఆ పిస్టల్ గొట్టం మొన నేలకు తగిలేలా పడిందనుకోండి. పిస్టల్ అక్కడే ఆగుతుంది, లోపలి పిన్ను ఆగదు. తన వేగంతోనే ముందుకు దూసుకెళ్లి ప్రైమర్‌ను కొట్టవచ్చు. సేఫ్టీ మీట వేసి ఉన్నా ఇక్కడ అక్కరకు రాదు. అది హ్యామర్‌ను పడకుండా చూస్తుందే తప్ప పిన్నును పట్టుకోదు. మీట వేశాం కదా అన్న ధీమాయే అన్నిటికన్నా ప్రమాదకరం.

ఈ లోపం కోల్ట్‌కు తెలియనిది కాదు. పిన్నుకు అడ్డుపడే స్వార్ట్జ్ సేఫ్టీని 1930ల చివర్లోనే కొన్ని పిస్టళ్లలో అమర్చింది, రెండో ప్రపంచ యుద్ధం రాగానే వదిలేసింది. 1970లో వచ్చిన సిరీస్ 70లోనూ పిన్నుకు అడ్డు లేదు. 1983 నాటి సిరీస్ 80లో పెట్టారు. అందులో ట్రిగ్గర్ నొక్కినప్పుడే చిన్న ప్లంజర్ పైకి జరిగి పిన్నుకు దారి వదులుతుంది. దీనివల్ల ట్రిగ్గర్ బిగుసుకుంటుందని సణిగే షూటర్లు నేటికీ ఉన్నారు. కొందరు తయారీదారులు ప్లంజర్‌కు బదులు తేలికైన టైటానియం పిన్ను, గట్టి స్ప్రింగు వాడతారు. అది ముప్పును తగ్గిస్తుంది కానీ పిన్నుకు అడ్డు నిలవదు. పోటీల్లో గురి చూసి కాల్చేవారికి ట్రిగ్గర్ తీరు ముఖ్యం కావచ్చు. నిండు పిస్టల్ నడుముకు కట్టుకుని జనం మధ్య తిరిగే మనిషి విషయంలో మాత్రం ఆ వాదన చెల్లదు.

ఇది అమెరికా వాళ్ల గొడవ అనుకోవడానికి వీల్లేదు. మన దేశంలో సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్న ఇషాపూర్ 9 ఎం.ఎం. పిస్టల్ బ్రౌనింగ్ హైపవర్‌కు నకలు. పాత హైపవర్‌లో పిన్నును ఆపే సేఫ్టీ లేదు. బెల్జియం తయారీ హైపవర్‌కు అది 1980ల చివర్లో వచ్చిన మార్క్ 3తో చేరింది. మన పిస్టల్ మాత్రం పాత నమూనా మీద తయారైనది.

అలాగని పిన్నుకు అడ్డు ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. సిగ్ సావర్ పి320లో అది ఉంది. అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంపిక చేసుకున్నది ఆ కుటుంబపు పిస్టల్‌నే. అయినా పౌరులకు అమ్మిన పి320 వెనుక భాగం ఒక కోణంలో నేలకు తగిలితే పేలుతోందని అదే ఏడాది ఆగస్టులో బయటపడింది. బరువైన ట్రిగ్గర్ ఆ కుదుపుకు తానే వెనక్కి కదిలి అడ్డును తొలగించేది. కంపెనీ తేలికపాటి ట్రిగ్గర్‌తో పాటు మరికొన్ని భాగాలను ఉచితంగా మార్చి ఇచ్చింది.

కాలిఫోర్నియాలో 2001 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, కింద పడేసి చేసే పరీక్షలో నెగ్గని పిస్టల్‌ను దుకాణాల్లో కొత్తగా అమ్మనివ్వరు. మన 2016 ఆయుధ నియమాలు లైసెన్స్ కోరేవారికి భద్రతా శిక్షణ ఉండాలన్నాయి. ఆ శిక్షణలో పిస్టల్ లోపలి నిర్మాణం ఒక పాఠం కావాలి. చేజారి పేలిన ప్రతి ఘటనలోనూ ఆయుధం నమూనా, చాంబర్ స్థితి, పిన్ను సేఫ్టీ ఉందో లేదో నమోదు చేసి పోలీసు శాఖలు బయటపెట్టాలి. పాత నమూనా పిస్టళ్లను వీఐపీల రక్షణ విధుల నుంచి ముందుగా తప్పించాలి. అంతవరకూ వాటిని మోసే ప్రతి కానిస్టేబుల్‌కూ, ఇంట్లో లైసెన్స్ పిస్టల్ ఉన్న ప్రతి ఒక్కరికీ, అమెరికాలో తుపాకీ కొనుక్కున్న మన పిల్లలకూ ఒకటే విన్నపం: మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడండి. పిన్నుకు అడ్డు లేని పిస్టల్‌ను చాంబర్‌లో తూటాతో మోయకండి.