చదరంగం పిల్లలకేనా?

మా కొండాపూర్ అపార్టుమెంట్లలో చెస్ అంటే పిల్లల క్లాసే. ఫీజు కట్టి, వాళ్లని లోపలికి పంపి, గంటసేపు బయట కుర్చీల్లో ఫోన్ చూస్తూ కూర్చునేది మనం. ఆ గంట మనమూ ఆడొచ్చుగా అంటాను నేను.

ముందు లీచెస్ డాట్ ఆర్గ్ చూడండి. ఫ్రాన్సులోని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి విరాళాలతో నడుపుతోంది. పైసా కట్టక్కర్లేదు, ప్రకటనల గోల లేదు. గుర్రం ఎలా దూకుతుందో తెలియనివాళ్లకి కూడా అందులో మొదటి పాఠాలున్నాయి. పజిల్స్ ఎన్నయినా చేసుకోవచ్చు. పిల్లలకి ఖాతా తెరిస్తే మాత్రం సెట్టింగుల్లో 'కిడ్ మోడ్' పెట్టండి, ముక్కూ మొహం తెలియనివాళ్లతో చాటింగ్ ఉండదు. తల్లిగా నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. చెస్ డాట్ కామ్‌లో పాఠాలు బాగుంటాయి కానీ, ఉచిత ఖాతాకి పజిల్స్ రోజుకి కొన్నే. డబ్బు కట్టడానికి తొందరేం లేదు.

ఈ వయసులో మనకెందుకు అంటారా? మన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. పాప పుట్టినప్పుడు ఆటకి దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024లో మళ్లీ!

మనకి టైటిళ్లెందుకు గానీ, తీరిక లేదనే మాట నిజమే. అందుకే 'కరస్పాండెన్స్' ఆట ఎంచుకోండి. ఒక్కో ఎత్తుకి రోజుల తరబడి గడువుంటుంది. అమెరికాలో ఉన్న మా చెల్లితో నేను ఆడేది అదే. పప్పు కుక్కర్‌లో పెట్టి ఒక ఎత్తు వేస్తాను, అది నిద్ర లేచాక జవాబిస్తుంది.