లాప్‌టాప్ సంచారులకి విశాఖా? పణజీనా?

మనలో కొంతమందికి ఇప్పుడు ఎక్కడ కూర్చుని అయినా చేసే ఉద్యోగాలొచ్చాయి. కోడింగ్, డిజైనింగ్, వీడియో ఎడిటింగ్... నెట్ ఉంటే చాలు. ఇలాంటి వాళ్లకి 'డిజిటల్ నోమాడ్' అని పేరు, అంటే సంచారి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని తర్వాత మన వైపుకీ తెచ్చి, ఎరుకల వాళ్లని అందులో కలిపారు. వాళ్లకి తిరగడమే నేరమైంది. ఇప్పుడు లాప్‌టాప్ పట్టుకుని తిరిగితే మర్యాద! సరే, అసలు సంగతికొద్దాం.

సముద్రం పక్కన ఉండి పనిచేద్దామనుకుంటే ఎక్కువగా వినబడేవి గోవా, విశాఖ. గోవాలో పణజి చిన్న ఊరు, 2011 లెక్కల్లో నలభై వేల జనం. నది ఒడ్డు, పాత ఇళ్లు, తోటి లాప్‌టాప్ వాళ్లు బోలెడు మంది. రైలు దిగాలంటే కర్మలీ దాకా పోవాలి. డిసెంబరొచ్చిందా, గది అద్దె వింటేనే గుండె గుభేలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. విశాఖలో ఒక్క నగరంలోనే గోవా రాష్ట్రం కంటే ఎక్కువ మంది ఉన్నారు. ఉక్కపోత, ట్రాఫిక్, పోర్టు దుమ్ము. 2014 హుద్‌హుద్‌లాంటి తుఫాను భయం కూడా ఉంది.

అందం చూస్తే పణజీకే నా ఓటు. కానీ మీరు చూడాల్సింది ఇంకోటుంది.

గోవాలో గావ్డా, కుణ్బీ, వేళిప్ అనే ఆదివాసులున్నారని మీలో ఎంతమందికి తెలుసు? వాళ్లకి ఎస్టీ గుర్తింపు 2003లోగానీ రాలేదు. హక్కులడుగుతూ 2011 మే 25న బాళ్లిలో చేసిన ఆందోళనలో ఇద్దరు ఆదివాసీ యువకులు చనిపోయారు. గోవాలో ఐదో షెడ్యూల్ ప్రాంతమే లేదు. అంటే మన 1/70 లాంటి అడ్డుగోడ వాళ్ల భూమికి లేదు. బయటోడు డబ్బు పట్టుకొచ్చి ఊళ్లో ఇల్లు కొని, దాన్ని రోజు అద్దెకి తిప్పితే ఆపేదెవరు? మీరు దిగే విల్లా ఏ పొలంలో లేచిందో బుకింగ్ యాప్ చెప్పదు.

విశాఖ కూడా షెడ్యూల్ ప్రాంతం కాదు. అయినా మన కొండలకి అది గుమ్మం. పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కితే సొరంగాలన్నీ దాటి మధ్యాహ్నానికల్లా అరకు. ఇంట్లో పెద్ద జబ్బొస్తే చివరికి వచ్చేది కేజీహెచ్‌కే. అమ్మకి ఫోన్లో 'రాత్రికి వచ్చేస్తా' అని చెప్పగలిగే దూరం. జీతం వచ్చాక ఇది ఎంత విలువైందో మీకే తెలుస్తుంది. అందుకే నా లెక్కలో విశాఖే.

అయితే విశాఖలో ఉండేవాళ్లు వీకెండుకి అరకు, లంబసింగి వస్తున్నారు. హోమ్‌స్టేలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. భూమి గిరిజనుడి పేరున, డబ్బు, పెత్తనం మైదానం వాడివి... ఇలాంటివి మీ మండలంలో లేవా? ఆఫీసు స్నేహితుల్ని తీసుకుని మీరే వెళ్తే, గది తీసుకునే ముందు ఓనరెవరో అడగండి. కౌంటర్లో కూర్చున్నోడిని కాదు, పక్క వీధిలో అడగండి. ఊళ్లో వాళ్లకి తెలుసు, చెప్తారు.