సీసా పోయె.. సాచెట్ వచ్చె!
కాఫీ ధరలతో ఇంటికి ఖర్చు.. నగరానికి చెత్త

వరంగల్: కాఫీ పొడి అయిపోయినా సీసా మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది. మూత గట్టిగా బిగిసే ఆ గాజు సీసాలోకి మరునాటి నుంచి జీలకర్రో, మెంతులో, ఎల్లిపాయ కారమో చేరేది. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కాపురం పెట్టిన ఇళ్లలో వంటింటి అలమార తెరిస్తే బ్రూ, నెస్కెఫే, హార్లిక్స్ సీసాలు ఇప్పటికీ వరుసగా దర్శనమిస్తాయి. ఆ వరుసలో కొత్త సీసా చేరడమే అరుదైపోతోంది. నెలకో సీసా కొనే కుటుంబాలు పెద్ద మొత్తం ఒకేసారి పెట్టలేక, కిరాణా దుకాణం ముందు దండల్లా వేలాడే చిన్న సాచెట్ల వైపు మొగ్గుతున్నాయి. మిగులుతుందనుకున్న డబ్బు నిజంగా మిగులుతోందా, ఖాళీ అయిన సాచెట్ ఎక్కడికి చేరుతోంది అన్న ప్రశ్నలను పట్టించుకుంటున్నవారు తక్కువ.

ఎక్కడో కరవు.. ఇక్కడ మంట

కాఫీ ధరకు మూలం మన జిల్లాలో లేదు, ఆ మాటకొస్తే మన దేశంలోనూ లేదు. ప్రపంచంలో అత్యధికంగా కాఫీ పండించే బ్రెజిల్‌ను 2021 జులైలో మంచు, 2024లో కరవు దెబ్బతీశాయి. ఇన్‌స్టంట్ కాఫీకి ప్రధానంగా వాడే రోబస్టా రకానికి పెట్టింది పేరైన వియత్నాంలోనూ ఎండలు పంటను కాల్చాయి. అక్కడి రైతులు కొందరు గిట్టుబాటు చూసుకుని దురియన్ పండ్ల తోటలకు మళ్లారు. ఫలితంగా 2020లో టన్ను 1,500 డాలర్ల లోపే ఉన్న రోబస్టా 2024 సెప్టెంబరు నాటికి 5,000 డాలర్లు దాటింది. అరబికా ధర 2024 డిసెంబరులో 1977 నాటి రికార్డును చెరిపేసి, 2025 ఫిబ్రవరిలో పౌనుకు 4 డాలర్లకు పైగా పలికింది.

మన దేశమూ కాఫీ పండిస్తుంది కదా అన్న సందేహం సహజం. కర్ణాటక, కేరళ, తమిళనాడుతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని అరకు, పాడేరు మన్యంలోనూ తోటలున్నాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే దేశంలో పండే కాఫీలో అధిక భాగం ఎగుమతి అవుతుంది. విదేశీ కొనుగోలుదారు ఇచ్చే ధరే స్వదేశీ వినియోగదారుకూ వర్తిస్తుంది. ఈ పెరుగుదలలో మన్యం గిరిజన రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువ దక్కితే సంతోషించవలసిందే. అందువల్ల ధర పెరగడాన్ని పూర్తిగా చెడ్డ వార్తగా చూడలేం.

పన్ను తగ్గింపు ఒక్కటే ఊరట. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీపై జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్నుతో కలిపి రూ.118 పడే ప్యాకెట్ లెక్క ప్రకారం రూ.105కు రావాలి. అంటే దాదాపు 11 శాతం తగ్గుదల. వేయించి పట్టిన స్వచ్ఛమైన కాఫీ పొడిపై అప్పటికే 5 శాతం పన్ను ఉన్నందున ఫిల్టర్ కాఫీ ప్రియులకు ఈ ఊరట కూడా లేదు.

గ్రాముల లెక్క

సాచెట్ వ్యాపారంలోని కిటుకు దాని ధరలోనే ఉంది. రెండు రూపాయలు, అయిదు రూపాయలు, పది రూపాయలు.. ఈ అంకెలు ఏళ్ల తరబడి కదలవు. కదిలేది లోపలి బరువు. ధర పెరిగితే కొనేవారికి వెంటనే తెలుస్తుంది గాని, పొడి కొంచెం తగ్గితే కప్పు పలుచనయ్యే దాకా తెలియదు. పలుచనైందని మరో సాచెట్ చింపుతారు. అక్కడితో పొదుపు ఆవిరైపోతుంది.

ప్యాకెట్ ధరను లోపలి గ్రాములతో భాగించి చూడటమే దీనికి విరుగుడు. అయిదు రూపాయల ప్యాకెట్‌లో రెండు గ్రాములుంటే గ్రాము రూ.2.50 పడినట్లు. యాభై గ్రాముల సీసా రూ.150 అనుకుంటే గ్రాము రూ.3. ఇవి లెక్క తెలియడానికి చెప్పిన అంకెలే గాని మార్కెట్ ధరలు కావు. ఇలా భాగిస్తే సీసా కంటే సాచెట్ చవకగా తేలే సందర్భాలూ లేకపోలేదు. ఎందుకంటే సీసా కొన్నప్పుడు గాజుకు కూడా మనమే డబ్బు కడుతున్నాం. ఆ గాజును పారేస్తే అది నష్టమే. దాచుకుని అందులోనే రీఫిల్ పౌచ్ పొడి నింపుకుంటే, సీసాకు పెట్టిన డబ్బు నెలనెలా తిరిగి వస్తుంది. రీఫిల్ పౌచ్ కూడా ప్లాస్టిక్ పొరలదేనన్న మాట నిజం. కాని యాభై గ్రాముల పౌచ్ ఒక్కటి రెండు గ్రాముల సాచెట్లు పాతిక చెత్తలో పడకుండా ఆపుతుంది.

లేబుల్‌పై మరో అంకె కూడా చూడాలి. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. ఏది ఎంత శాతమో ప్యాకెట్‌పై ముద్రించాలి. గింజల ధర మండుతున్నప్పుడు చవకైన చికోరీ పాలు పెంచడం కంపెనీలకు సులువు, చట్టబద్ధం కూడా. ఒకే ధరకు రెండు ప్యాకెట్లు దొరికినప్పుడు ఒకదానిలో కాఫీ 70 శాతం, మరొకదానిలో 53 శాతం ఉంటే ఆ రెండూ ఒకే సరుకు కావు.

ఇంతకీ కప్పు కాఫీలో పొడి ఖర్చు ఒక్కటే లేదు. ముల్కనూరు మహిళా డెయిరీ పాలైనా, విజయ పాలైనా లీటరు రూ.70 అనుకుంటే వంద మిల్లీలీటర్లకు రూ.7. పొడి ఖర్చుకు అది ఏమాత్రం తీసిపోదు. పొడిని మాత్రమే తిట్టుకోవడం న్యాయం కాదు.

కొనేవాడు లేని చెత్త

ఒకప్పుడు వీధిలో పాత సామాను కొనేవారి కేక వినిపిస్తే ఖాళీ సీసాలకు ఉల్లిగడ్డలో, చిల్లరో దక్కేవి. ఈ రోజుకూ పాల కవర్లను కడిగి ఆరబెట్టి ఇస్తే తూకానికి తీసుకుంటారు. కాఫీ సాచెట్‌ను మాత్రం ఎవరూ అడగరు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతికి ఉండటంతో వాటిని విడదీయడం కష్టం. అరచేతిలో మూలకు సరిపోయే ఆ ముక్కను ఏరి తూకానికి తేవడం చెత్త ఏరుకునేవారికీ గిట్టదు.

అందువల్ల అది కాలువలోకి, అక్కడి నుంచి నాలాలోకి చేరుతుంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2025 అక్టోబరులో మొంథా తుపాను వేళ హన్మకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగిన దృశ్యాలు ఎవరూ మరచిపోలేదు. ముంపునకు ఆక్రమణలు, ఇరుకైన నాలాలు పెద్ద కారణాలు. అయినా మురుగు తూములకు అడ్డం పడేది ఇటువంటి చెత్తే. మిగిలినది మడికొండ సమీపంలోని రాంపూర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. ఆ దుర్వాసన భరించవలసింది అక్కడి ప్రజలు.

తడి, పొడి చెత్తను వేరు చేయడం ఈ నగరానికి కొత్త విద్య కాదు. 2012 అక్టోబరులో ఇక్కడ నిర్వహించిన క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ సందర్భంగా ఇంటింటి సేకరణను చూసేందుకు ఇతర పట్టణాల సిబ్బంది తరలివచ్చారు. ఆ రోజుల్లో ఇల్లిల్లూ రెండు డబ్బాలు పెట్టింది. చేతనవునని నిరూపించిన నగరం దానిని అలవాటుగా నిలుపుకోలేకపోవడమే విచారకరం.

కంపెనీల బాధ్యత మాటేమిటి? 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు తాము అమ్మిన ప్లాస్టిక్‌కు ఉత్పత్తిదారులే బాధ్యులని స్పష్టం చేశాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలను తిరిగి వాడాలన్న లక్ష్యం కూడా 2025-26 నుంచి మొదలైంది. అయితే అది 0.9 లీటరు, అంతకు మించిన డబ్బాలకే. యాభై, వంద గ్రాముల కాఫీ డబ్బా ఆ గీతకు దిగువనే ఉండిపోయింది. ఇళ్లలో ఎక్కువగా తిరిగేది ఆ చిన్న డబ్బానే కదా!

సీసాకు రెండో జన్మ

పాత సీసా వాడకంలోనూ కొన్ని మెలకువలున్నాయి. కాఫీ వాసన పోవాలంటే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి ఎండలో బోర్లించాలి. సలసల మరిగే నీరు పోస్తే పలుచని గాజు పగులుతుంది. పప్పులు, పోపు దినుసులకు ఈ సీసా శ్రేష్ఠం. మామిడికాయ తొక్కు వేసేటప్పుడు రేకు మూత పనికిరాదు. ఉప్పు, పులుపు తగిలి తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో వేడి పదార్థం పోయనే కూడదు. తిరిగి కాఫీ పొడే నింపేవారు సీసాను పూర్తిగా ఆరనివ్వాలి. తడి చెంచా ఒక్కసారి పెడితే పొడి గడ్డకడుతుంది.

బయట తాగే కాఫీదీ ఇదే కథ. ప్లాస్టిక్ కప్పులపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. వాటి స్థానంలో వచ్చిన కాగితపు కప్పుల లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. అటువంటి కప్పులో వంద మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంచితే 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో వెల్లడించారు. పాలిథిన్ కవరులో పోసి రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చే పార్శిల్ సంగతి చెప్పనక్కరలేదు. ఇంటి నుంచి చిన్న ఫ్లాస్కు తీసుకెళ్తే సరిపోతుంది. శుభకార్యాల కోసం సిద్దిపేట జిల్లా పల్లెల్లో స్టీల్ బ్యాంకులు పెట్టి గిన్నెలు, గ్లాసులు అద్దెకిస్తున్నారు. మన మహిళా సంఘాలకు ఇది అసాధ్యమైన పనేమీ కాదు.

ఫిల్టర్ కాఫీ తాగేవారికి మరో దారి ఉంది. గింజలు వేయించి అప్పటికప్పుడు పొడి పట్టి ఇచ్చే దుకాణానికి ఇంటి నుంచే స్టీలు డబ్బా తీసుకెళ్లవచ్చు. ఖాళీ డబ్బాను ముందుగా తూకం వేయించి, ఆ బరువు తీసివేసిన తరువాతే పొడి పోయించుకోవాలి. చికోరీ ఎంత కలపాలో, అసలు కలపాలో వద్దో మర తిరగక ముందే చెప్పాలి.