తొట్టి తోమారా?

ధనుర్మాసంలో ఊత్తుకోట వీధుల ముగ్గులు ఆరకముందే మేము జ్వరాల లెక్కకు బయలుదేరతాము. "చలి వచ్చిందిగదా, యింకా దోమలేమిటి?" అంటారు యిల్లాళ్ళు. మన వైపు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకాల్లోనే గదా! ఆ నీరే యిప్పుడు పెరళ్ళలో నిలిచి వుంటుంది. డెంగీ దోమకు మురుగు అక్కరలేదు, తేటనీరు చాలు.

"నీళ్ళు పారబోశామమ్మా" అంటారు. అంతటితో తీరదు. గుడ్లు తొట్టి గోడనంటుకుని, తడి లేకున్నా నెలల తరబడి బ్రతికి వుంటాయి. మళ్ళీ నీరు తగిలితే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. కనుక వారానికొకసారి పీచుపెట్టి తోమవలసిందే.

మొన్న మా ప్రక్కయింటి పసివాడికి జ్వరం వచ్చింది. నెత్తురు పరీక్షలో డెంగీ అని తేలింది. వాళ్ళ పెరడంతా వెదికాము, ఒక్క పురుగు కనబడలేదు. సాయంత్రం మా గోడవారనున్న పాతరోటిలో దీపం పెట్టి చూస్తే పురుగులు గిలగిలలాడుతున్నాయి. ఊరందరి తొట్లూ చూచిన మాకు మా రోలు కానరాలేదు!

పిల్లవాడు తేరుకున్నాడు. వాడి తల్లికి ఆ రోటి సంగతి మేమే చెప్పాము. ఆమె ఏమీ అనలేదు, పీచు తెచ్చి మా చేతికిచ్చింది.