కెమెరా అలిగిన వేళ

హీరోకి వరసగా నాలుగు ఫ్లాపులొస్తే ఆ కబురు వారం తిరక్కుండా మనందరికీ తెలిసిపోతుంది. ఫోటోలు తీసేవాడికి ఫ్లాపులొస్తే ఎవరికి పట్టింది చెప్పండి! నిరుడు ఎండాకాలం నుంచి నాది అదే వరస. ఆమదాలవలసలో ఏ మూల నిలబడ్డా ఇదివరకు తీసేసిన బొమ్మే కనిపించేది. నాగావళి మీద సూర్యాస్తమయం, పొందూరులో నూలు వడికే అవ్వ, స్టేషన్లో రైలు. (ఊరు ఆమదాలవలస, స్టేషన్ బోర్డు మీద పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్! మా ఊరికి రైల్వేవారు డూప్‌ని పెట్టారన్నమాట.) ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మావయ్య ఉండబట్టలేక అడిగేశాడు: "ఏటి బాబూ, తీసిందే తీస్తన్నారు?"

నాలాంటి ఫ్రీలాన్సు వాడికి బొమ్మ అచ్చయితేనే డబ్బు. ఎడిటర్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. కెమెరా అమ్మకానికి బేరం కూడా మాట్లాడాను.

ఆ రోజుల్లోనే 'మాయాబజార్' మళ్ళీ చూశాను. 2010లో రంగులద్ది వదిలిన ప్రింటు కాదు, 1957 నాటి నలుపు తెలుపుది. అదీ సౌండు తీసేసి! పాటలూ, ఎస్వీ రంగారావు గొంతూ పోతే ఇంకేం మిగుల్తుందంటారా? మార్కస్ బార్‌ట్లీ మిగుల్తాడు. మొహం మీదికి వెలుగు ఏ పక్కనుంచి వచ్చింది, నీడ ఎక్కడ ఆగింది, వెన్నెలకి ఎంత మసక వదిలాడు... అన్నీ బయటపడతాయి. 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', మలయాళంలో 'చెమ్మీన్' తీసిన ఈ మహానుభావుడు సినిమాల్లోకి రాకముందు పత్రికా ఫోటోగ్రాఫరే సుమండీ.

మర్నాడే ఒక షరతు పెట్టుకున్నాను. ఒకటే లెన్సు, రంగులు బంద్, వారానికి 36 బొమ్మలు, వెనకటి రీలు లెక్కన. ఫ్రాన్సు దేశపు కార్టియే బ్రెసాన్ ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కదానితోనే పేరు తెచ్చుకున్నాడు. (ఆయనా 1970ల్లో కెమెరా పక్కనపెట్టి పెన్సిలు పట్టాడనుకోండి. అది వేరే కథ.)

మొదటి రెండు వారాలూ గుండుసున్నా. అక్టోబరులో అరసవల్లి వెళ్ళాను. ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దుటి కిరణాలు సూర్యనారాయణస్వామి మీద పడతాయి. ఆ దృశ్యం కోసం జనం చీకటితోనే బారులు తీరతారు. మబ్బు పట్టిందా, అంతే సంగతులు! నేను లోపలికి పోలేదు. బయటికొచ్చే మొహాలు చూస్తూ గోడవార నిలబడ్డాను. చూసినవాళ్ళ మొహాలు వేరు, అందనివాళ్ళ మొహాలు వేరు. మనవడి చెయ్యి పట్టుకొచ్చిన ఓ తాత రెండూ కానట్టు నవ్వాడు. బుగ్గ మీద సగం వెలుగు, సగం నీడ. ఒక్కటే తీశాను. చాలా నెలల తర్వాత అచ్చయిన నా మొదటి బొమ్మ అదే.

మీలో ఎవరికైనా ఈ తెగులు పట్టుంటే 36 లెక్క పెట్టుకుని చూడండి, చేతిలో ఉన్నది ఫోనైనా సరే. ఇవాళ గురువారం. నాకింకా పదకొండు మిగిలాయి.